సకాయి పట్టణంలో రెండు మరమేకులు

పిల్లలూ, ఈ నెల మనం జపాను దేశంలోని సకాయి పట్టణం చూసి వద్దాం. బయలుదేరే ముందు సంచిలో ఒక వస్తువు వేసుకోండి. అది ఒక సైకిలు బూటు. పందేలలో సైకిలు తొక్కేవాళ్లు వేసుకునే బూటు. దాన్ని తిరగేసి చూస్తే అడుగున బొటనవేలంత ఉక్కు బిళ్ల ఒకటి కనిపిస్తుంది. దాన్ని క్లీటు అంటారు. ఆ బిళ్లను రెండు మరమేకులు బూటుకు పట్టి ఉంచుతాయి. మన బూటులో ఆ రెండింటిలో ఒకటి అరిగిపోయింది. తాళంచెవి లాంటి అలెన్ కీ పెట్టి తిప్పితే కీ గిర్రున తిరుగుతుంది గాని, మరమేకు కదలదు.

ఒక్క మరమేకు ఊడదీయటానికి జపాను దాకా పోవాలా అని మీరు నవ్వవచ్చు. పోనక్కర లేదు. మన వీధి చివరి సైకిలు షాపులోనే ఆ పని అవుతుంది. కాని మరమేకు ఎంత గొప్ప వస్తువో, దానికోసం మనుషులు ఎన్ని పాట్లు పడ్డారో తెలుసుకోవాలంటే సకాయి వెళ్లవలసిందే. ఆ పట్టణంలో 450 ఏళ్ల కిందటి మరమేకు కథా ఉన్నది, ఇప్పటి మరమేకు కథా ఉన్నది. ఆ రెండూ ఒకటే పాఠం చెబుతాయి.

సకాయి ఒసాకా మహానగరానికి దక్షిణంగా, సముద్రపు ఒడ్డున ఉన్నది. ఒసాకా నుంచి రైళ్లు చాలా ఉన్నాయి గాని, మనం ట్రాంలో పోదాం. ఆ దారిన ఒకే పెట్టె గల చిన్న ట్రాములు ఇళ్ల మధ్యనుంచి, వీధుల మధ్యనుంచి గంట కొట్టుకుంటూ పోతాయి. కొంతసేపటికి యమాతో అనే నది వస్తుంది. ఈ నది మొదట ఇక్కడ పారేది కాదు. వరదలు ఎక్కువగా వస్తున్నాయని 1704లో మనుషులు కాలువ తవ్వి దీన్ని ఇటు మళ్లించారు. వంతెన దాటామా, సకాయి వచ్చేసినట్టే.

సకాయి అంటే జపాను భాషలో ‘‘పొలిమేర’’ అని అర్థం. పూర్వం సెత్సు, కవాచి, ఇజుమి అనే మూడు రాష్ట్రాలు ఇక్కడ కలిసేవి. అందుచేత ఆ పేరు వచ్చింది. ఇది చాలా పాత ఊరు. ఊళ్లో ఒక పెద్ద సమాధి ఉన్నది. అది నింతోకు చక్రవర్తిదని చెబుతారు. దాని పొడవు సుమారు 486 మీటర్లు. చుట్టూ నీళ్లతో నిండిన అగడ్తలు. దగ్గరికి వెళితే చెట్లతో నిండిన కొండలా ఉంటుంది. పైనుంచి చూస్తే మాత్రం తాళంచెవి పెట్టే కన్నం ఆకారంలో కనిపిస్తుంది! చుట్టుపక్కల ఉన్న ఇతర సమాధులతోపాటు దాన్ని 2019లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు.

ఆ సమాధి కట్టిన వెయ్యేళ్లకు సకాయి గొప్ప రేవుపట్టణమయింది. ఇక్కడి వర్తకులు ఎంత ధనవంతులంటే, ఊరి చుట్టూ కందకాలు తవ్వించుకుని, తమ ఊరిని తామే పాలించుకున్నారు. తేనీటి వేడుకలో అందరికీ గురువైన సెన్ నొ రిక్యూ 1522లో ఈ ఊళ్లోనే వర్తకుల ఇంట పుట్టాడు. ఇక్కడి కమ్మర్లు చేసే వంటకత్తులకు జపానంతటా పేరు. ఇప్పటికీ ఆ కత్తులు చేస్తున్నారు.

ఇనుము పనిలో ఇంత పేరు గల ఈ దేశపు కమ్మర్లకు ఒకప్పుడు మరమేకు అంటే ఏమిటో తెలియదు. ఈ మాట మీకు వింతగా తోచవచ్చు. కాని నిజం.

1543లో జపానుకు దక్షిణాన ఉన్న తనెగషిమా అనే దీవికి ఒక ఓడ కొట్టుకువచ్చింది. అందులో పోర్చుగీసు వాళ్లున్నారు. వాళ్ల చేతుల్లో పొడుగాటి ఇనపగొట్టాలున్నాయి. అవి తుపాకులు. జపానువాళ్లు అలాంటి వాటిని అంతకుముందు చూడలేదు. ఆ దీవికి ప్రభువైన తొకితక ఇంకా 16 ఏళ్లు నిండని కుర్రవాడు. అతను చాలా డబ్బిచ్చి రెండు తుపాకులు కొన్నాడు. ఒకదాన్ని తన కమ్మరికి ఇచ్చి, ‘‘ఇలాంటిది చెయ్యి,’’ అన్నాడు.

ఆ కమ్మరి పేరు యాయితా కింబే. కత్తులు చెయ్యటంలో ఆరితేరినవాడు. ఇనపరేకును కాల్చి, చుట్టి, అతికి గొట్టం చెయ్యటం అతనికి కష్టం కాలేదు. కాని గొట్టం వెనకవైపును ఎలా మూయాలో అతనికి అంతు చిక్కలేదు. పోర్చుగీసు తుపాకికి అక్కడ ఒక బిరడా ఉన్నది. దాని చుట్టూ మెట్లు మెట్లుగా గాడి ఉన్నది. తిప్పితే లోపలికి పోతుంది, వెనక్కు తిప్పితే బయటికి వస్తుంది. అదే మరమేకు. కింబే అలాంటిది ఎన్నడూ చూడలేదు.

కన్నాన్ని కాల్చి అతికి మూసెయ్యరాదా అంటారేమో. మూసెయ్యవచ్చు. కాని తుపాకి పేలినప్పుడల్లా లోపల మసి పేరుకుంటుంది. వెనకవైపు తెరుచుకోకపోతే దాన్ని శుభ్రం చెయ్యటం కష్టం. పోనీ, ఊరికే ఒక మేకు దిగ్గొడితే? మందు పేలగానే ఆ మేకు వెనక్కు దూసుకువచ్చి, తుపాకి పేల్చినవాడి మొహాన కొడుతుంది. అందుచేత ఆ బిరడా రెండు పనులు చెయ్యాలి: పట్టుకోవలసినప్పుడు మందు పేలుడుకు కూడా కదలకుండా పట్టుకోవాలి, వదలవలసినప్పుడు మనిషి చేతికి వదలాలి. ఈ రెండు పనులూ ఒక్క మరమేకే చెయ్యగలదు.

కింబేకు వకాస అనే కూతురుండేదనీ, ఆ మరమేకు రహస్యం కోసం ఆమెను పోర్చుగీసు వాడికిచ్చి పెళ్లి చేశాడనీ ఆ దీవిలో ఒక కథ చెబుతారు. అది నిజమో, కట్టుకథో ఎవరూ తేల్చలేదు. 1606లో రాసిన తుపాకి చరిత్రలో ఈ సంగతి మరోలా ఉన్నది: మర్నాడు సంవత్సరం ఇంకొక ఓడ వచ్చిందట, అందులో వచ్చిన ఒక కమ్మరి కింబేకు గొట్టం మూసే విద్య నేర్పాడట.

మరొక కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. బివా సరస్సు దగ్గర కునితోమొ అనే ఊళ్లోనూ తుపాకులు చేసేవారు. అక్కడ జిరోసుకే అనేవాడు మర ఎలా చెయ్యాలా అని ఆలోచిస్తూ, మొన విరిగిన చిన్న కత్తితో ముల్లంగి దుంపను తొలిచాడట. కత్తిని తిప్పుతూ లోపలికి పోనిచ్చేసరికి, ముల్లంగి లోపల చుట్టలు చుట్టలుగా గాడి పడింది. ‘‘ఇదేగదా మర!’’ అని అతను ఎగిరి గంతేశాడట.

మీరు కూడా మర పుట్టుక చూడవచ్చు. దానికి ముల్లంగి అక్కరలేదు. ఒక కాగితాన్ని మూలమట్టం ఆకారంలో, అంటే ఒక పక్క ఏటవాలుగా ఉండేలా కత్తిరించండి. ఆ ఏటవాలు అంచుకు ఎర్రసిరా పూయండి. తరవాత దాన్ని పెన్సిలు చుట్టూ చుట్టండి. ఎర్రగీత పెన్సిలు చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. మరమేకు అంటే అంతే. కొండ ఎక్కే ఘాట్ రోడ్డును ఒక కడ్డీకి చుట్టామన్న మాట. నిటారుగా ఎక్కలేని బరువును ఏటవాలు దారిన నెమ్మదిగా ఎక్కించవచ్చు గదా, మరమేకులో బలం కూడా అలాగే వస్తుంది.

ఇప్పుడు సకాయికి మళ్లీ వద్దాం. ఈ ఊరి వర్తకుడొకడు, తచిబనయా మతసబురో అనేవాడు, తనెగషిమా వెళ్లి ఒకటి రెండేళ్లుండి తుపాకుల పని నేర్చుకుని వచ్చాడు. ఊరివాళ్లు అతన్ని ‘‘తుపాకి మత’’ అని పిలిచారట. ఆ తరవాత సకాయి తుపాకుల తయారీకి జపాను దేశంలోకెల్లా పెద్ద కేంద్రాల్లో ఒకటి అయింది. 1615లో యుద్ధంలో ఊరంతా తగలబడింది. మళ్లీ కట్టారు. 1945లో బాంబుల వల్ల ఊళ్లో చాలా భాగం మళ్లీ కాలిపోయింది. కాని ఉత్తరపు వైపు వీధులు కొన్ని మిగిలాయి. ట్రాం దిగి ఆ వీధుల్లోకి నడవండి. అక్కడ ఇనోఉయే సెకియెమొన్ అనే తుపాకుల కమ్మరి వంశంవాళ్ల పాత ఇల్లు ఉన్నది. ఇల్లూ, కార్ఖానా, అంగడీ అన్నీ ఒక్కచోటే. 2024లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. తుపాకి గొట్టం చెయ్యటం ఎంత ఓపికగల పనో, ఆ కార్ఖానా చూస్తే మీకే తెలుస్తుంది.

తరవాత కాలం మారింది. యుద్ధాలు ఆగాయి, పాతరకం తుపాకులు ఎవరికీ అక్కరలేకపోయాయి. పందొమ్మిదో శతాబ్దం చివర జపానుకు విదేశాలనుంచి సైకిళ్లు వచ్చాయి. అవి విరిగితే బాగుచేసేవాళ్లు కావాలి. సైకిలు అంటే ఏమిటి? ఇనపగొట్టాలు, మరలు. సకాయి కమ్మర్లకు ఆ రెండూ కొట్టిన పిండి. వాళ్లు మొదట సైకిళ్లు బాగుచేశారు, తరవాత సైకిలు భాగాలు తామే చెయ్యసాగారు. ఆ విధంగా తుపాకుల ఊరు సైకిళ్ల ఊరయింది.

1921లో ఈ ఊళ్లోనే షిమానో షోజబురో అనే ఆయన ఒక చిన్న ఇనపకార్ఖానా పెట్టాడు. ఆయన మొదట చేసినది ఫ్రీవీలు. మనం తొక్కటం ఆపినా చక్రం తిరుగుతూనే ఉండేలా చేసేది అదే. సైకిలు దిగి తోసుకుపోయేటప్పుడు టిక్ టిక్ మని చప్పుడు చేస్తుందే, అది. ఆ కార్ఖానాయే ఈనాడు షిమానో అనే పెద్ద కంపెనీ. సకాయిలో సైకిళ్ల మ్యూజియం ఒకటి 1992లో మొదలయింది. 2022లో అది కొత్త భవనంలోకి మారింది. అందులో సైకిలు పుట్టినప్పటినుంచి ఇప్పటిదాకా కథ అంతా తెలుసుకోవచ్చు. ఆ కథ 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన కొయ్యబండితో మొదలవుతుంది. దానికి పెడళ్లు లేవు. దానిమీద కూచుని, కాళ్లతో నేలను తన్నుతూ పోవాలి.

పెడళ్లు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. పందేలలో జోరుగా తొక్కేటప్పుడు కాలు పెడలుమీదనుంచి జారిపోయేది. అందుకని పాదాన్ని తోలుపట్టీతో పెడలుకు కట్టుకునేవారు. పడబోతున్నప్పుడు వంగి ఆ పట్టీని వదులు చేసుకునే వ్యవధి ఉండేది కాదు. ఫ్రాన్సు దేశంలో నెవేర్ అనే ఊరి లుక్ కంపెనీవాళ్లు, మంచుమీద జారేవాళ్ల బూట్లను పలకలకు తగిలించే సాధనాలు చేసేవారు. ఆ కిటుకునే వాళ్లు 1984లో పెడలుకు పెట్టారు. బూటు అడుగున బిళ్ల పెడలులో టక్కున పడుతుంది. మడమను పక్కకు తిప్పితే వదిలేస్తుంది. మరుసటి ఏడు, 1985లో బెర్నార్ ఇనో అనే ఆయన అలాంటి పెడళ్లతో టూర్ ద ఫ్రాన్స్ పందెం గెలిచాడు. ఇక అందరూ వాటినే కోరారు.

కాని ఆ బిళ్లలు పెద్దవి. ఆ బూట్లతో నడిస్తే బాతులా నడవవలసి వచ్చేది. 1990లో సకాయి షిమానోవాళ్లు చిన్న ఉక్కు బిళ్ల చేసి, బూటు అడుగున గాడిలో ఇమిడేలా పెట్టారు. దాంతో నడవటం తేలిక అయింది. మన సంచిలో ఉన్న బూటు ఆ రకమే. ఇదుగో, తుపాకుల ఊరినుంచి నడుచుకుంటూ మన మరమేకు దగ్గరికి వచ్చేశాం!

మ్యూజియం బయట బల్లమీద కూచుని ఆ బూటును పరీక్షిద్దాం. మరమేకు లావు 5 మిల్లీమీటర్లు. ఒక్క చుట్టు తిప్పితే అది 0.8 మిల్లీమీటరు లోపలికి పోతుంది. దాని తలలో 6 పలకల గుంట ఉన్నది; అందులో 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. మరమేకు దిగేది బూటు అడుగులోని మెత్తని పదార్థంలోకి కాదు; దాని లోపల ఒక లోహపు పలక దాగి ఉంటుంది, మర అందులో ఉన్నది.

ఇక్కడొక లెక్క చూడండి. కీ పిడి పొడవు 10 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్క చుట్టుకు మన చెయ్యి సుమారు 63 సెంటీమీటర్లు తిరుగుతుంది. మరమేకు మాత్రం 1 మిల్లీమీటరైనా కదలదు. చెయ్యి అంత దూరం తిరిగి, మరమేకు ఇంత తక్కువ కదిలింది గనక, మన బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందులో చాలా భాగం రాపిడికే ఖర్చవుతుంది. అదేమీ దండగ కాదు. ఆ రాపిడి వల్లనే మరమేకు దానంతట అది ఊడిరాకుండా ఉంటుంది.

మరి ఇది ఎందుకు అరిగింది? ఈ బూట్లతో నడవవచ్చునన్నాం గదా, నడిచినప్పుడల్లా మట్టీ, ఇసకా ఆ గుంటలోకి పోయి గట్టిపడతాయి. అప్పుడు కీ అడుగుదాకా దిగదు, పైపైన పట్టుకుంటుంది. తిప్పగానే గుంట అంచులు ఒరుసుకుపోతాయి. 6 పలకల గుంట గుండ్రంగా అవుతుంది. ఇక కీకి పట్టు దొరకదు. పైగా వాననీరూ, ఉప్పు చెమటా లోపలికి దిగి తుప్పు పట్టిస్తాయి. మర పలకకు అతుక్కుపోతుంది.

‘‘పోనిద్దూ, అది అలాగే ఉండనీ,’’ అనుకోకూడదు. అందులో ప్రమాదం ఉన్నది. బిళ్ల అరిగాక మార్చి తీరాలి. మార్చకపోతే కాలు పెడలులోనుంచి వేళకాని వేళ ఊడివస్తుంది. అంతకన్న ప్రమాదం మరొకటి ఉన్నది. రెండు మరమేకుల్లో ఒకటి వదులై పడిపోయిందనుకోండి. అప్పుడు మడమను పక్కకు తిప్పితే, బిళ్ల పెడలును వదలటానికి బదులు, మిగిలిన ఒక్క మరమేకు చుట్టూ తిరుగుతుంది. కాలు బయటికి రాదు. సైకిలు ఆగుతుంది, మనిషి కాలు కింద పెట్టలేక పక్కకు పడిపోతాడు. వెనక లారీ వస్తూంటే ఏమవుతుందో చెప్పాలా? అగ్గిపుల్ల పొడవు కూడా లేని మరమేకు మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. తనెగషిమా తుపాకి బిరడాకూ దీనికీ తేడా ఏమున్నది?

ఇక ఊడదీసే పని. కమ్మరి మొదట చేసే పని చూడటమే. మనమూ అదే చేద్దాం.

మొదట ఒక గుండుసూది తీసుకుని గుంటలోని మట్టినంతా తవ్వి ఊదెయ్యండి. అరిగిందనుకున్న మరమేకుల్లో చాలా వాటికి రోగం ఇంతే. మట్టి పోగానే కీ అడుగుదాకా దిగి, మరమేకు మంచి పిల్లవాడిలా తిరుగుతుంది. మంచి కీ వాడాలి సుమా! పలకలు అరిగిన పాత కీ కొత్త మరమేకును కూడా పాడుచేస్తుంది.

అప్పటికీ రాకపోతే, తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు మరమేకు చుట్టూ వెయ్యండి. బూటు లోపలి అట్ట ఎత్తి చూస్తే, కొన్ని బూట్లలో లోహపు పలక అవతలి వైపు కనిపిస్తుంది. అక్కడ కూడా ఒక చుక్క వెయ్యండి. ఆ రాత్రంతా కదిలించవద్దు. నూనె సన్నని సందుల్లోకి దానంతట అది పాకిపోతుంది. దీపం వత్తిలోకి నూనె ఎలా ఎక్కుతుందో అలాగే. కొందరు తొందరపడి మంటతో వేడి చేస్తారు. బూటు విషయంలో అది పనికిరాదు. బూటు అడుగు కరుగుతుంది, జిగురు ఊడుతుంది.

మర్నాడు కీని గుంటలో నిలబెట్టి సుత్తితో నెమ్మదిగా తట్టాలి. ఆ తట్టుడుకు తుప్పు కొంత విడుస్తుంది, కీ కూడా బాగా దిగుతుంది. ఒక చేత్తో కీని గట్టిగా కిందికి అదుముతూ, రెండో చేత్తో ఎడమవైపుకు తిప్పాలి. ఒక్కసారిగా గుంజకూడదు. బలాన్ని కొంచెం కొంచెంగా పెంచాలి.

గుంట పూర్తిగా గుండ్రమైతే ఆ కీ ఇక పనికిరాదు. అప్పుడు మెకానిక్కులు 6 కొసల నక్షత్రం ఆకారంలో ఉండే మొన తెస్తారు. గుంటకంటె ఒక్క వీసం పెద్దది చూసి, సుత్తితో లోపలికి దిగ్గొడతారు. నక్షత్రం కొసలు గుంట గోడల్ని కొరుక్కుంటూ దిగి, తమ పట్టును తామే చేసుకుంటాయి. చాలా మరమేకులు ఇక్కడే లొంగిపోతాయి. మరొక ఉపాయం: సన్నని రంపంతో మరమేకు తలమీద అడ్డంగా ఒక గాడి కోసి, బల్లపరుపు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పటం.

పక్కన ఉన్న ఒసాకా నగరంలో ఇంకొక సాధనం పుట్టింది. దాని పేరు వింటే మీకు నవ్వు వస్తుంది. జపాను భాషలో మరమేకును ‘నెజి’ అంటారు. పూర్వకాలపు రాక్షసబల్లుల పేర్ల చివర ‘సారస్’ అని వస్తుంది గదా, ఆ రెండూ కలిపి ‘నెజిసారస్’ అని పేరు పెట్టారు! 2002లో వచ్చిన ఈ పట్టకారు నోట్లో నిలువు గాళ్లున్నాయి. మామూలు పట్టకారు నోట్లో గాళ్లు అడ్డంగా ఉంటాయి గనక, గుండ్రని మరమేకు తలను పట్టుకుంటే జారిపోతుంది. నెజిసారస్ పళ్లు నిలువుగా ఉండి తలను కరిచి పట్టుకుంటాయి. చూశారా, చిన్న మార్పే, కాని జపానంతటా ఇది ప్రసిద్ధి పొందింది. అయితే మరమేకు తల పైకి ఉబ్బి ఉంటేనే అది పట్టుకోగలదు. మన బూటు మరమేకు తల బిళ్ల గుంటలో దిగి ఉన్నది. నెజిసారస్‌కు కూడా అందదు.

ఇక మిగిలినది డ్రిల్లు. ఇది పెద్దవాళ్లు చెయ్యవలసిన పని. పిల్లలు దూరంగా నిలబడి చూడాలి. చేసేవాళ్లు కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. ఎగిరే ఇనపరజను కంట్లో పడితే కన్ను పోతుంది. బూటును గట్టిగా బిగించి, తల నడిమధ్య డ్రిల్లు పెట్టి నెమ్మదిగా తొలుస్తారు. మొన మరమేకంత లావుది. తల మందమంతా తెగేసరికి, తల ఉంగరంలా ఊడివస్తుంది. బిళ్ల చేతిలోకి వచ్చేస్తుంది.

ఇప్పుడొక తమాషా జరుగుతుంది. రాత్రంతా నూనె తాగి, సుత్తిదెబ్బలు తిని, నక్షత్రపు మొనకు కూడా లొంగని మరమేకు, తల పోయాక చూస్తే, పట్టకారుతో పట్టుకుని తిప్పితే చాలాసార్లు సులువుగా తిరుగుతుంది! ఎందుకు? మరమేకును బిగించినప్పుడు అది కొంచెం సాగుతుంది. కంటికి కనిపించనంత మాత్రమే, కాని సాగుతుంది. లాగిపట్టిన రబ్బరులాగా అది తన తలకూ మరకూ మధ్య బిళ్లనూ బూటునూ అదిమి పట్టుకుంటుంది. ఆ అదుములోనే రాపిడి అంతా ఉన్నది. తల పోగానే లాగుడు పోయింది, లాగుడు పోగానే రాపిడి తగ్గింది. కీతో తిప్పేటప్పుడు కూడా అంతే: మొదటి పావుచుట్టు మాత్రమే కష్టం. అది తిరిగితే మిగిలినదంతా తేలిక. అందుకే అనుభవం గలవాళ్లు మొదటి పావుచుట్టుకు ఒక రాత్రి పట్టినా విసుక్కోరు.

పాత మరమేకు వచ్చేసింది. లోపలి పలకలో మర చెడిపోతే, చాలా బూట్లలో ఆ పలకను కూడా మార్చవచ్చు. కొత్త బిళ్ల పెట్టి, కొత్త మరమేకులు బిగిద్దాం. బిగించే ముందు వాటి మరకు గ్రీజు పూయాలి. గ్రీజు ఉంటే నీరు చేరదు, తుప్పు పట్టదు. రెండింటినీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. ఎంత బిగించాలో కూడా లెక్క ఉన్నది: 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. అంటే 10 సెంటీమీటర్ల పిడి చివర సుమారు 5, 6 కిలోల బరువు వేలాడగట్టినంత. అంతకన్న తక్కువైతే వదులవుతుంది, ఎక్కువైతే మర తెగుతుంది. నెలకొకసారి గుంటలోని మట్టి తీసి, బిగువు చూసుకుంటే, మళ్లీ డ్రిల్లుతో పని పడదు.

ఇక్కడే మీకొక హెచ్చరిక. మరమేకులన్నీ ఎడమవైపు తిప్పితేనే ఊడతాయని అనుకోకండి. మీ సైకిలు ఎడమ పెడలును చూడండి. దాని మర తలకిందులు! కుడివైపుకు తిప్పితేనే అది ఊడుతుంది. తొక్కుతూంటే దానంతట అది ఊడిపోకుండా అలా చేశారు. ఈ సంగతి తెలియక ఎడమ పెడలును ఊడదీస్తున్నామనుకుని బిగించినవాళ్లు ఎందరో ఉన్నారు. ఏ మరమేకునైనా తిప్పేముందు, అది ఎటు తిరగాలో తెలుసుకోవాలి.

సాయంత్రమయింది. ఒసాకా ట్రాం వస్తున్నది. ఎక్కేముందు ఉత్తరపు వీధులకేసి ఒక్కసారి చూడండి. ఆ వీధుల్లో కొలిముల ముందు కూచుని, మనిషి మొహానికి దగ్గరగా నిలిచే మరమేకులు చేసినవారు ఎందరో బతికారు. మరమేకు బిగిస్తూ, దీన్ని రేపు మరొకడు ఊడదీయాలని వాళ్లు మరిచిపోలేదు. మన బూటుకు గ్రీజు పూసి బిగించిన ఆ రెండు మరమేకులూ అలాంటివే. ఏడాది గడిచాక, బిళ్ల అరిగాక, కీ పెట్టి ఎడమవైపుకు తిప్పితే, పావుచుట్టు చాలు, వచ్చేస్తాయి.